టీచర్ చదివింది క్లాసుదాకా చేరాలంటే

బీఈడీ అయిపోయి, డీఎస్సీ రాశాక మనలో చాలామందికి బోధన గురించి చదవడం ఆగిపోతుంది. ఆ తర్వాత చదివేదంతా సర్క్యులర్లు, ప్రొసీడింగ్స్, వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే ఫార్మాట్లే. నేను లెక్కల టీచర్‌ని. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడెనిమిదేళ్లు నాదీ అదే పరిస్థితి. చదవడం మొదలుపెట్టాక కూడా చాలాకాలం నా క్లాసులో ఏమీ మారలేదు. పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివేవాణ్ణి, చాలా బాగుందనుకునేవాణ్ణి, బీరువాలో పెట్టేసేవాణ్ణి. మర్నాడు బోర్డు దగ్గర పాత పద్ధతే. చదివింది పిల్లల దాకా చేరాలంటే చదివే తీరే మారాలని తెలియడానికి నాకు కొన్నేళ్లు పట్టింది. మీకు అంతకాలం పట్టకూడదని ఇది రాస్తున్నాను. మీరు ప్రాథమిక తరగతులకు చెప్పే ఎస్‌జీటీ అయినా, పెద్ద తరగతులకు సబ్జెక్టు చెప్పే స్కూల్ అసిస్టెంట్ అయినా, ప్రైవేటు స్కూల్లో రోజుకు ఏడు పీరియడ్లు చెప్పేవారైనా ఇలా చేయవచ్చు.

ముందు ప్రశ్న, తర్వాతే పుస్తకం

ఏ పుస్తకం చదవాలి అని ఇప్పుడే అడగకండి. ఒక తెల్లకాగితం తీసుకుని, మీ క్లాసులో ఈ వారం మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన విషయం ఒక్కటి రాయండి. చాలామంది మొదట రాసేది ఇలా ఉంటుంది: "పిల్లలకు ఆసక్తి లేదు." దీన్ని పట్టుకుని ఏమీ వెతకలేం. కంటికి కనిపించేలా, లెక్కపెట్టగలిగేలా మళ్లీ రాయండి. "ఏడో తరగతిలో ప్రశ్న అడిగితే రోజూ ఆ నలుగురే చెయ్యెత్తుతారు, వెనక రెండు వరుసల్లో ఒక్కరూ మాట్లాడరు." "మూడో తరగతిలో పదకొండు మంది ఒత్తులున్న పదం వస్తే ఆగిపోతున్నారు." "52లోంచి 38 తీసేయమంటే సగం మంది 26 అని రాస్తున్నారు."

ఆ మూడోది చూడండి. ఒకట్ల స్థానంలో 2లోంచి 8 పోదు కాబట్టి పిల్లలు 8లోంచి 2 తీసేశారు. పెద్దదాంట్లోంచే చిన్నది తీసేయాలని మనం ఒకటో తరగతిలో చెప్పిన మాటనే వాళ్లు నమ్మకంగా పాటించారు. అజాగ్రత్త వల్ల వచ్చిన తప్పు కాదది. దాని వెనక ఒక సూత్రం ఉంది. ప్రశ్నను ఇంత వివరంగా రాసేసరికే సగం దారి కనిపిస్తుంది. పిల్లల తప్పుల వెనక ఉండే ఆలోచన గురించి, స్థానవిలువల గురించి చదవాలని మీకే తెలుస్తుంది.

మన భాషకు ఇంత మేలు చేసిన ఒక చదువు కూడా ఇలాంటి ప్రశ్నతోనే మొదలైంది. 1907లో యేట్స్ అనే ఇంగ్లీషు విద్యాధికారి, జనం మాట్లాడే తెలుగుకీ పుస్తకాల తెలుగుకీ ఇంత తేడా ఎందుకుందని అడిగాడు. అప్పటికే పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ, సవర పిల్లల కోసం వాళ్ల భాష నేర్చుకుని, అందులోనే వాచకాలు తయారుచేసిన గిడుగు రామమూర్తి గారు ఆ ప్రశ్నను వదల్లేదు. భాషాశాస్త్రాన్ని సొంతంగా చదువుకున్నారు. పిల్లవాడికి తెలిసిన భాషలో చదువు చెప్పాలన్న పట్టుదలే ఆయన్ని పుస్తకాల వైపు నడిపించింది. ఇదంతా తలుచుకున్నప్పుడల్లా నాకు ధైర్యంగా ఉంటుంది.

ఎక్కడ దొరుకుతుంది

మొదట మీ చేతిలో ఉన్న పాఠ్యపుస్తకమే తెరవండి. ముందు పేజీల్లో ఉపాధ్యాయులకు సూచనలు ఉంటాయి. ఇన్నేళ్లుగా ఆ పుస్తకం చెప్తూ ఆ పేజీలు చదవనివాళ్లు చాలామంది ఉన్నారు, ఒకప్పుడు నేనూ చదవలేదు. ఒక అధ్యాయం ఎందుకు అలా మొదలైందో, ఆ బొమ్మ ఎందుకు పెట్టారో అక్కడ తెలుస్తుంది.

తర్వాత జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 2005తో పాటు వచ్చిన 21 ఆధార పత్రాలు. ఎన్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ప్రభుత్వ కాగితాలు కదా అని పక్కన పెట్టకండి. గణిత బోధన మీద ఉన్న పత్రం చెప్పే సమస్యల్లో మొదటిది పిల్లల్లో లెక్కలంటే ఉన్న భయమే. భాషా బోధనకు, పరీక్షల సంస్కరణకు విడిగా పత్రాలున్నాయి. మీ సబ్జెక్టుది ఒక్కటి తీసుకుంటే చాలు.

హైదరాబాద్ నుంచి వచ్చే టీచర్ ప్లస్ పత్రికలో క్లాసులో చేసి చూసినవాళ్ల వ్యాసాలుంటాయి. లెక్కల టీచర్లకు అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం తెచ్చే యాట్ రైట్ యాంగిల్స్ పత్రిక నెట్‌లో ఉచితం. సైన్సువాళ్లకు అరవింద్ గుప్తా గారి వెబ్‌సైట్ ఒక గని. పారేసే వస్తువులతో చేసే ప్రయోగాలతో పాటు విద్య మీద ఎన్నో పుస్తకాలు అక్కడ ఉన్నాయి, తెలుగువి కూడా. జనవిజ్ఞాన వేదిక వేసే చెకుముకి పిల్లల పత్రికే కానీ, ఒక విషయాన్ని పిల్లలకు ఎంత తేలిగ్గా చెప్పొచ్చో అందులో నేర్చుకోవచ్చు. మీ జిల్లాలో టీచర్లకు శిక్షణ ఇచ్చే డైట్ కాలేజీ లైబ్రరీకి ఒక్కసారి వెళ్లి రండి. తాళం తీసేవాళ్ల కోసం కాసేపు ఆగాల్సి వచ్చినా, ఆ అలమరాల్లో మంచి పుస్తకాలు దొరుకుతాయి.

ఇంగ్లీషులో చదవడం కష్టంగా ఉంటే ఒక పని చేయండి. వ్యాసంలో మొదటి పేరా, చివరి పేరా, మధ్యలో ఉపశీర్షికలు మాత్రం చదివి, అది మీ ప్రశ్నకు సంబంధించిందో కాదో తేల్చుకోండి. అయితేనే పూర్తిగా చదవండి. అర్థంకాని పేరా వస్తే దాన్ని తెలుగులో, మీ మాటల్లో, స్టాఫ్‌రూంలో పక్క టీచరుకు చెప్తున్నట్టుగా రాయండి. రాయలేకపోతే అది మీకింకా అందలేదని గుర్తు, మళ్లీ చదవండి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

టైం ఎక్కడిది

జాతీయ విద్యావిధానం 2020 ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరమైన అభివృద్ధికి కేటాయించాలంటుంది. లీజర్ పీరియడ్ యాప్‌లో ఫోటోలకో, సెలవులో ఉన్నవాళ్ల క్లాసుకో పోతుందని మనందరికీ తెలుసు. అందుకే బడి టైం మీద ఆశ పెట్టుకోవద్దు. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి ఇరవై నిమిషాలు. మంగళవారం, శుక్రవారం అనుకోండి. బస్సులో వెళ్లేవారైతే ఫోన్‌లో వ్యాసం దించుకోండి. అంతకుమించి పెట్టుకుంటే మొదటి నెలలోనే ఆగిపోతుంది.

పెన్సిల్‌తో చదవడం

ఏ వ్యాసం చదివినా మార్జిన్‌లో నాలుగు ప్రశ్నలకు జవాబు వెతకండి. ఇది ఎక్కడ జరిగింది? ఎంతమంది పిల్లలతో? టీచర్ సరిగ్గా ఏం చేశారు? రేపు నా క్లాసులో ఇది ఎలా ఉంటుంది?

ఉదాహరణకు అమెరికన్ విద్యా పరిశోధకుడు బరాక్ రోజెన్‌షైన్ 2012లో బోధనా సూత్రాల మీద రాసిన వ్యాసం చూడండి. పది సూత్రాలు, చిన్న వ్యాసం, టీచర్లకు అర్థమయ్యే భాష. అందులో ఒక అంకె ఉంది. బాగా ఫలితాలు సాధించిన లెక్కల టీచర్లు 40 నిమిషాల పీరియడ్‌లో 23 నిమిషాలు వివరించడానికి, చేసి చూపించడానికి, ప్రశ్నలడగడానికి, ఉదాహరణ లెక్కలు చేయించడానికి వాడారు. వెనకబడినవాళ్లు అందుకు 11 నిమిషాలే ఇచ్చారు. దీన్ని తొందరగా చదివినవాళ్లు "అయితే ఉపన్యాసం పెంచాలి" అనుకుంటారు. పెన్సిల్ పెట్టి చదివితే ఆ 23 నిమిషాల్లో ప్రశ్నలూ ఉదాహరణలూ కూడా ఉన్నాయని, పిల్లలు సొంతంగా లెక్క చేసేముందు దానికి కావాల్సిన సాయమంతా అప్పుడే అందిందని కనిపిస్తుంది. మనం రెండు లెక్కలు బోర్డు మీద చేసి, "మిగతావి మీరు చెయ్యండి" అంటాం చూడండి, అది 11 నిమిషాల పీరియడ్.

ఒక్క మార్పు, రెండు వారాలు

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. చదివినదాంట్లోంచి ఒకే ఒక్క మార్పు ఎంచుకోండి. దాన్ని ఒకే తరగతిలో రెండు వారాలు చేయండి. రెండు మార్పులు ఒకేసారి పెడితే దేనివల్ల ఏమైందో తెలియదు.

నేను మొదట చేసింది ఏమిటో వివరంగా చెప్తాను. నా ప్రశ్న పైన రాసిందే, రోజూ ఆ నలుగురే చెయ్యెత్తడం. దాని కోసం వెతుకుతుంటే మేరీ బడ్ రో అనే అమెరికన్ సైన్సు బోధకురాలు 1970ల్లో చేసిన పరిశోధన కనిపించింది. ఆమె టీచర్ల క్లాసులు రికార్డు చేసి విన్నారు. ప్రశ్న అడిగాక టీచర్ ఆగే సమయం సగటున ఒక్క సెకను ఉంది. దాన్ని మూడు సెకన్లకు, ఆపైకి పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, "తెలీదు" అనడం తగ్గింది, వెనకబడ్డారనుకున్న పిల్లలు కూడా మాట్లాడారు, పిల్లలే ప్రశ్నలడగడం పెరిగింది.

నేను ఒక సెకనే ఆగుతానంటే మొదట నమ్మలేదు. ఒకరోజు ఫోన్ జేబులో పెట్టుకుని నా పీరియడ్ నేనే రికార్డు చేసుకున్నాను. ఇంటికొచ్చి విన్నాను. చాలా ప్రశ్నలకు జవాబు కూడా నేనే చెప్పేశాను. మీరూ ఇదే చేయండి, మీరు మాత్రమే వినండి, విన్నాక చెరిపేయండి. ఒక్కసారి వింటే చాలు.

మర్నాటి నుంచి ఏం చేయాలంటే, ప్రశ్న అడగండి, అడిగాక నోరు మూసుకోండి. మనసులో ఒకటి, రెండు, మూడు అని నిదానంగా లెక్కపెట్టండి. లెక్కపెట్టేటప్పుడు ముందు బెంచీని చూడకండి, వెనక వరుసను చూడండి. చేతులెత్తొద్దని, ముందు రఫ్ పుస్తకంలో జవాబు రాయాలని చెప్పండి. పిల్లల పేర్లు ఐస్‌క్రీం పుల్లల మీద రాసి డబ్బాలో వేసుకుని, ఒక పుల్ల తీసి ఆ పేరున్నవాళ్లను అడగండి. తప్పు చెప్పినవాళ్లను నిలబెట్టొద్దు. ఒక్కసారి నిలబెట్టారంటే ఈ పద్ధతి అక్కడితో పోయినట్టే.

మొదటి మూడు రోజులు ఆ నిశ్శబ్దం భరించడం కష్టం. పిల్లలు నవ్వారు. సార్‌కి ఏమైందని ఒకరినొకరు చూసుకున్నారు. ఆ నలుగురిలో ఇద్దరు ఆగలేక జవాబు అరిచేశారు. వాళ్లకు కోపంగా కాకుండా విడిగా చెప్పాను: "నీకు వచ్చని నాకు తెలుసు, మిగతావాళ్లకి ఆలోచించుకునే టైం ఇద్దాం." నాలుగో రోజు మూడులో ఒక వంతు పెద్దదా, నాలుగులో ఒక వంతు పెద్దదా అని అడిగాను. రఫ్ పుస్తకాల్లో ఎక్కువమంది నాలుగులో ఒక వంతే పెద్దదని రాశారు, మూడు కంటే నాలుగు పెద్దది కదా మరి. వెనక వరుస అమ్మాయి పేరు వచ్చింది. ఆ పిల్ల అప్పటిదాకా నా క్లాసులో అటెండెన్స్ పలకడం తప్ప మాట్లాడలేదు. "మూడులో వంతు" అంది. వెరీగుడ్ అనబోయి ఆగాను. ఇంకో మూడు సెకన్లు. అప్పుడు అంది, "ఒకే రొట్టె నలుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి తక్కువ వస్తుంది కదా సార్."

ఆ రెండో ఆగడం గురించి రో ప్రత్యేకంగా రాశారు. పిల్లవాడు జవాబు చెప్పిన వెంటనే మనం మెచ్చుకున్నా, ఆ జవాబును తిరిగి మనమే గట్టిగా చెప్పినా వాడి ఆలోచన అక్కడితో ఆగిపోతుంది. ఆగితే "ఎందుకంటే" అనే మాట వాడి నోటి నుంచే వస్తుంది. ఈ రెండో మూడు సెకన్లే ఎక్కువ విలువైనవని నా అనుభవం. అయితే అన్ని ప్రశ్నలకూ ఆగాల్సిన పనిలేదు. ఏడెనిమిదులెంత అన్నదానికి ఆలోచించేదేముంది? ఎందుకు, ఎలా అనే ప్రశ్నలకే ఆగండి.

అరపేజీ నోట్స్

ఒక పాత నోట్‌బుక్ చాలు. రోజూ బడి అయ్యాక అరపేజీ: తేదీ, ఏం మార్చాను, ఏం కనిపించింది, ఒక అంకె. నేను రాసుకున్న అంకె, ఆ పీరియడ్‌లో మాట్లాడిన వేర్వేరు పిల్లల సంఖ్య. హాజరు జాబితా జిరాక్స్ మీద టిక్ పెడితే ఐదు సెకన్ల పని. "బాగా జరిగింది" అని మాత్రం రాయకండి. పది రోజుల తర్వాత చదివితే అందులో ఏమీ ఉండదు. పిల్లలు అన్న మాటలు వాళ్లన్నట్టే రాయండి.

రెండు వారాలయ్యాక మొదటి రోజు అంకె, చివరి రోజు అంకె పక్కపక్కన పెట్టి నిర్ణయించుకోండి. ఉంచాలా, కొంచెం మార్చి ఇంకో రెండు వారాలు చూడాలా, వదిలేయాలా? వదిలేయడం తప్పు కాదు. ఎందుకు వదిలేశారో రెండు లైన్లు రాసుకోండి, అంతే.

నోట్‌బుక్కులు దిద్దేటప్పుడు

ఇది చాలామందికి వెంటనే పనికొచ్చే విషయం కాబట్టి విడిగా చెప్తున్నాను. ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన అధ్యయనంలో కొందరు పిల్లలకు మార్కులు మాత్రమే ఇచ్చారు, కొందరికి వ్యాఖ్య మాత్రమే, కొందరికి రెండూ. తర్వాత మెరుగుపడింది వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లు. మార్కు, వ్యాఖ్య రెండూ ఇచ్చినవాళ్లలో ఆ మెరుగు రాలేదు. మార్కు కనిపించగానే పిల్లలు దాన్నే చూసి పుస్తకం మూసేస్తారని మనకు తెలిసిందే.

మనకు ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కులు అప్‌లోడ్ చేయక తప్పదు. అందుకని మార్కులు మీ రిజిస్టర్‌లో వేసుకుని, పేపర్ మీద వ్యాఖ్య మాత్రం రాసి ఇవ్వండి. "గుడ్", "ఇంకా శ్రద్ధ పెట్టు" వ్యాఖ్యలు కావు. "రెండో మెట్టులో గుర్తు మారింది, మళ్లీ చూడు" అనేది వ్యాఖ్య. అది చూసి దిద్దుకోవడానికి క్లాసులోనే పది నిమిషాలివ్వండి. మార్కు రెండు రోజుల తర్వాత చెప్పండి. నలభై మంది పేపర్లకూ ఇలా రాయడం అసాధ్యం అనిపిస్తే, ఒక్కో పరీక్షకు పదిమందికి చొప్పున వంతులు పెట్టుకోండి.

చెప్పింది వారంలో మర్చిపోతున్నారు అన్నది మీ ప్రశ్న అయితే రోడిగర్, కార్పికే అనే మనస్తత్వవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగం గురించి చదవండి. మళ్లీ మళ్లీ చదివినవాళ్ల కంటే, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకు వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. క్లాసులో చేయాల్సింది చిన్న పనే. పీరియడ్ మొదట్లో గతవారం పాఠం నుంచి మూడు ప్రశ్నలు, పుస్తకాలు మూసి, మార్కుల్లేకుండా.

అచ్చులో ఉన్నదంతా నిజం కాదు

"చదివితే 10 శాతం, వింటే 20 శాతం, చేస్తే 90 శాతం గుర్తుంటుంది" అని బీఈడీలోనో, టెట్ గైడుల్లోనో మనందరం చదివాం. పక్కన అమెరికన్ విద్యావేత్త ఎడ్గార్ డేల్ అనుభవ శంకువు బొమ్మ ఉంటుంది. డేల్ ఆ శంకువును 1946లో ప్రచురించిన తన పుస్తకంలో గీశారు. అందులో శాతాలు లేవు. ఆ అంకెలు తర్వాత ఎవరో చేర్చినవి. అలాగే కొందరు పిల్లలు చూసి నేర్చుకుంటారు, కొందరు విని, కొందరు చేసి, ఎవరి పద్ధతిలో వాళ్లకు చెప్పాలన్న మాట. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరికొందరు మనస్తత్వవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ పరిశీలించి, దీనికి సరిపడా ఆధారం లేదని తేల్చారు. పిల్లలను అలా మూడు గుంపులు చేసి మూడు రకాల పాఠాలు తయారుచేస్తూ రాత్రిళ్లు మేల్కొన్న టీచర్లు నాకు తెలుసు. వాళ్ల శ్రమ గుర్తొస్తే బాధేస్తుంది. గుండ్రటి అంకెలు కనిపిస్తే, ఎక్కడ, ఎవరి మీద, ఎప్పుడు తేల్చారని ఒక్కసారి అడగండి. వ్యాసం చెప్పకపోతే దాన్ని నమ్మి మీ బోధన మార్చకండి.

ఇంకొకరు తోడుంటే

ఒంటరిగా మూడు నెలలు సాగుతుంది, తర్వాత నీరసం వస్తుంది. ఒక్కరిని కలుపుకోండి, ఇద్దరైతే ఇంకా మంచిది. చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో హెచ్‌ఎం గారిని అడిగి అరగంట తీసుకోవచ్చు. అందరూ ఇంట్లో చదివి వస్తారని మాత్రం అనుకోవద్దు. రెండు పేజీల వ్యాసం జిరాక్స్ తీసి, అక్కడే పది నిమిషాలు అందరూ మౌనంగా చదవండి. తర్వాత ఒక్కొక్కరు ఒకే విషయం చెప్పాలి, సోమవారం నా క్లాసులో ఏం మారుస్తాను అని. అభిప్రాయాల చర్చ మొదలైతే అరగంట అందులోనే పోతుంది. వచ్చే నెల మీటింగ్‌లో ముందుగా అడగాల్సింది, చేశారా, ఏమైంది అని. కుదరలేదన్నవాళ్లను తప్పుపట్టకుండా వినండి. ఎందుకు కుదరలేదో చెప్పే మాటల్లో మిగతావాళ్లకు పనికొచ్చేది ఎక్కువ ఉంటుంది.

వేసవికి పెద్ద పుస్తకాలు

ఏడాది పొడవునా వ్యాసాలు చాలు. ఏప్రిల్ చివర్లో సెలవులిచ్చాక మాత్రం ఒక పూర్తి పుస్తకం చదవండి. తెలుగులో దొరికే రెండు చెప్తాను. రైలుబడి, టెట్సుకో కురొయనాగి తన చిన్ననాటి టోక్యో బడి గురించి రాసింది. బడిలో చేరడానికి వచ్చిన చిన్న పిల్ల చెప్పే మాటలను హెడ్‌మాస్టర్ కొబయాషి గారు నాలుగు గంటలు విన్నారు. ఆ పేజీలు చదివాక అడ్మిషన్ల రోజున మీరు పిల్లలతో మాట్లాడే తీరు మారుతుంది.

రెండోది గుజరాతీ విద్యావేత్త గిజుభాయి బధేకా రాసిన పగటి కల. ఒక టీచరు విద్యాధికారిని అడిగి నాలుగో తరగతి తీసుకుని, ఏడాదిపాటు తన పద్ధతిలో చెప్పి చూసే కథ. గిజుభాయి భావ్‌నగర్‌లో నిజంగా పిల్లలతో పనిచేసినవాడు కాబట్టి ఆ క్లాసు మన క్లాసులాగే ఉంటుంది. మొదటి రోజు ఆ టీచరు ఎంతో ఆలోచించుకుని మౌనం ఆటతో మొదలుపెడతాడు. పిల్లలు గోల చేసి దాన్ని పూర్తిగా పాడుచేస్తారు. మర్నాడు అతను కథ చెప్పడంతో మొదలుపెడతాడు. మొదటి రోజుకీ రెండో రోజుకీ మధ్య అతను ఏమేం ఆలోచించాడో ఆ భాగం పెన్సిల్ పట్టుకుని నిదానంగా చదవండి. జూన్‌లో బడి తెరిచే ముందు రోజు మళ్లీ ఒకసారి చదవండి.